ఎర్రచుక్క

అత్తగారు కోడలి బ్యాగు సర్దుతోంది. రెండు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన. అన్నిటికీ అడుగున ఒక ఉన్ని స్వెటరు.

"మూడు రోజులకి ఇంత బ్యాగేంటమ్మా? కాపురం మార్చేస్తున్నట్టు!" అన్నాడు కొడుకు, బల్ల కిందనుంచి తల బయటపెట్టి.

"బస్సులో ఏసీ ఉంటుందట. జలుబు చేస్తే మళ్లీ నీకే కదా తిప్పలు" అందావిడ. 

"అసలు వెళ్లే పనే ఉండదు చూడు. బస్సు మూడింటికి. ఈలోపల ఇది బాగైతే బ్యాగు విప్పేయడమే."

ఇది అంటే కంప్యూటరు. కోడలు ఇంట్లో కూర్చుని బడిపుస్తకాలకు పేజీలు తయారుచేసేది దాని మీదే. నాలుగేళ్లుగా అదే కుర్చీ, అదే కిటికీ. వీధి మలుపు దాటి ఒంటరిగా వెళ్లింది లేదు. వెళ్లే అవసరమే రాకుండా చూసుకుంటున్నానని కొడుకు నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు.

నిన్నటినుంచి కంప్యూటరు మొండికేసింది. పేజీ తెరిస్తే చాలు, నీలం తెర. తనంతట తానే ఆగిపోవడం, మళ్లీ మొదలవడం. శనివారానికల్లా పుస్తకం అచ్చుకు వెళ్లాలి. ఇక్కడికే వచ్చి మూడు రోజులు కూర్చుని పూర్తి చెయ్యండి, లేదా పని ఇంకొకరికి ఇస్తాం అన్నారు ఆఫీసువాళ్లు. తోడు వెళ్దామంటే కొడుక్కి ఈ ఒక్కరోజు తప్ప సెలవు దొరకలేదు. అందుకే పొద్దున్నే మెకానిక్‌కి కబురు పెట్టాడు. అతను వచ్చేసరికి పన్నెండు దాటింది.

మెకానిక్ లావుపాటి కళ్లద్దాల మనిషి. పక్కమూత విప్పి, టార్చి వేసి, ముక్కుతో వాసన చూసినంత దగ్గరగా వంగాడు.

"ర్యామ్ మీద అనుమానంగా ఉంది సార్. మెమరీ ముక్కలు రెండున్నాయి. తోడుదొంగలు పక్కపక్కనే కూర్చుంటే నిజం చెప్పరు. విడదీసి అడగాలి."

ఒక ముక్క తీసి పక్కన పెట్టాడు. రెండోదాన్ని ఒక్కదాన్నే ఉంచి, పెన్‌డ్రైవ్‌లోంచి పరీక్ష మొదలుపెట్టాడు. తెర మీద అంకెలు నెమ్మదిగా పాకుతున్నాయి. గంట పట్టింది. ఒక్క తప్పూ లేదు.

ఆ గంటసేపూ అత్తగారు గుమ్మం దగ్గరే నిలబడింది. కొడుకు చూశాడు.

"ఉక్కగా ఉంది, నువ్వు కూర్చో అమ్మా" అని టేబుల్ ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. ఆ గాలికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కన్నకొడుకు ముఖంలోకి చూడలేక ఫ్యాను రెక్కల్ని చూస్తూ కూర్చుంది.

దాన్ని తీసేసి, పక్కన పెట్టిన ముక్కను పెట్టి పది నిమిషాలు కాలేదు, తెరంతా ఎర్రటి గీతలు.

"దొరికాడు దొంగ! అయినా తప్పు ముక్కదో, అది కూర్చున్న చోటుదో తేల్చాలి" అంటూ మెకానిక్ దాన్ని పక్క గాట్లో పెట్టి మళ్లీ పరీక్షించాడు. మళ్లీ ఎర్రటి గీతలే. బయటికి తీసి వెలుతురులో తిప్పి చూశాడు. మూల మీద చిన్న ఎర్రచుక్క. పాడైన ముక్కలకు తాను పెట్టే గుర్తే. నిరుడు ఈ ఇంట్లోనే తీసేసి, ఉంచుకోండంటూ పెద్దావిడ చేతిలో పెట్టిన ముక్క.

అప్పుడే కొడుక్కి ఫోనొచ్చింది. వరండాలోకి వెళ్లాడు.

మెకానిక్ గొంతు తగ్గించాడు. "పెద్దమ్మగారూ, మూత తీసి దుమ్ము దులిపారు కదూ?"

ఆమె వరండా వైపు చూసింది. "చేతులు ఊరుకోవు నాయనా."

"మంచి ముక్క ఏది మరి?"

"చెత్తబండి పట్టుకుపోయింది."

"బాగుంది! మంచిదాన్ని గడప దాటించి, చెడిపోయినదాన్ని ఇంట్లో పెట్టుకున్నారు!" నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "భయపడకండి. అబ్బాయిగారికి చెప్పన్లెండి. మా అమ్మ అయితే మిక్సీనే కడిగేసింది."

కొడుకు లోపలికి వచ్చాడు. "ఏమైంది?"

"ర్యామ్ పోయింది సార్."

"ఆ బాగున్న ఒక్కదానితో నడపలేమా?"

"ఉత్తరాలు రాసుకోవచ్చు. బొమ్మల పేజీలు తెరిస్తే చతికిలబడుతుంది. మీది పాత రకం మెషీను, ముక్క తెప్పించాలి. సోమవారం దాకా రాదు."

కొడుకు పళ్లు కొరికాడు. గడియారం చూశాడు. రెండూ పది.

"సరే, బయల్దేరు" అన్నాడు భార్యతో. "గంటకోసారి ఫోన్ చేస్తాను. ఎత్తకపోయావో, తెలుసుగా!" అని నవ్వాడు. కోడలు కమిలిన మచ్చ కనబడకుండా కుర్తా చేతిని మణికట్టు దాకా లాక్కుంది.

అత్తగారు రెండు చేతులా బ్యాగు అందించింది. కోడలు ఆ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

"వెళ్తాను అత్తయ్యా."

"వెళ్లొస్తాననాలి, పిచ్చి మొహమా!" అత్తగారు కంగారుగా కసిరింది. ఆ మాట కొడుకు విన్నాడేమోనని ఓరగా చూసింది. అతను అప్పటికే స్కూటరు తీస్తున్నాడు.

కోడల్ని బస్సెక్కించి అతను నాలుగింటికి తిరిగొచ్చాడు. తల్లి ఇంకా గుమ్మంలోనే ఉంది.

"ఎందుకమ్మా అంత దిగులు? ఆదివారం రాత్రికల్లా వచ్చేస్తుంది" అంటూ భుజం తట్టాడు.

తట్టిన చోట నిప్పు పెట్టినట్టయింది ఆమెకు. "ఆకలేస్తోందా నాన్నా?" అని మాత్రం అడగగలిగింది.

కోడలు ఆదివారం రాలేదు, ఆ తర్వాత ఎన్నడూ రాలేదు, రావద్దని చెప్పి పంపింది అత్తగారే.