సున్నా వేసిన రోజు

బొబ్బిలిలో ఒంటరిగా ఉండే లాస్యది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. హిమాలయాల్లో ఒక కొండ మీద హిమానీనదాలెన్ని మిగిలాయో రోజూ నమోదు చెయ్యాలి. కదిలే మంచే లెక్కలోకి వస్తుంది. అక్కడ కొలిచేది దోర్జే. అతని మాటల్ని ఫోను తెలుగు చేసి వినిపిస్తుంది. రోజు మొత్తంలో ఆమెతో మాట్లాడే మనిషి అతనొక్కడే.

ఆ ఉదయం దోర్జే, "చివరిదీ కదలడం మానేసిందక్కా," అన్నాడు.

సున్నా పంపితే ఇద్దరి పనీ, ఈ ఫోను లైనూ అక్కడితో ఆఖరు.

"ఒకటని రాసెయ్యనా?"

"వద్దక్కా. ఆ లెక్క నమ్మి, నీళ్లొస్తాయని కింద ఊళ్లవాళ్లు విత్తనాలు చల్లుతారు."

లాస్య సున్నా వేసింది. పంపే మీట మాత్రం నొక్కలేదు.

"తమ్ముడూ, ఇవాళ ఏం వండుకున్నావు?" మూడేళ్లలో మొదటిసారి అడిగింది.

దోర్జే పొయ్యి ముట్టించిన దగ్గర్నుంచి తీరిగ్గా చెప్పడం మొదలుపెట్టాడు.