సీమంతం గాజులు

ఉప్పాడ రేవులో కడుపుతో ఉన్న మగవాళ్లు ఇప్పుడు వీధికి నలుగురైనా ఉంటారు. సముద్రగుర్రాల్లో మగది మోసినట్టే మగవాడికీ పొట్ట మీద సంచి అమర్చడం వచ్చాక, నర్సమ్మ పంచే ఐరన్ మాత్రలు మొగుళ్లే మింగుతున్నారు. రాజ్యానికి రెండుసార్లు కడుపు పోయింది. మూడో బిడ్డను ఆమె భర్త మారేషు మోస్తున్నాడు.

మారేషు తండ్రి ఎల్లాజీకి మాత్రం ఇది మింగుడు పడలేదు. "గాజులు తొడుక్కుని ఇంట్లో కూర్చో" అని కొడుకు మొహాన అనేసి, మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఏడో నెలలో సీమంతం చేశారు. వలలు లాగిన మారేషు చేతికి ఏ గాజూ ఎక్కలేదు. మూడు చిట్లిపోయాయి. అపశకునమని రాజ్యం కళ్లనీళ్లు పెట్టుకుంది.

అప్పుడొచ్చాడు ఎల్లాజీ, కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని. ఎడమచేత్తో గాజుల పొట్లం కోడలికిచ్చాడు. అవి మారేషు చేతికి సరిగ్గా సరిపోయాయి.

"కొలతెలా తెలిసింది మావయ్యా?"

ఎల్లాజీ తలొంచుకున్నాడు. "కడుపుతో ఉన్న సముద్రగుర్రం వల్లో పడితే దణ్ణమెట్టి నీళ్లలో వదిలేసేవోణ్ణమ్మా. కన్నకొడుకుని మాత్రం నోటికొచ్చినట్టు అన్నాను."

మారేషు తువ్వాలు లాగేశాడు. తండ్రి మణికట్టుకు ఒక ఆకుపచ్చ గాజు బిగుసుకుని ఉంది.

"నీదీ నాదీ ఒకటే చెయ్యి కదరా. కొలత కోసం ముందు చిన్నది తొడుక్కుని చూశాను, ఊడి రావట్లేదు."

రాజ్యం సబ్బు తేవడానికి లేచింది.

"ఉండనియ్యమ్మా," అన్నాడు ఎల్లాజీ. "ఈడికి పురుడయ్యేదాకా తియ్యను."