గెడ చప్పుడు

గట్టు మీద కొత్త మేతయంత్రం టక్, టకటక్ అని మోగింది. కొల్లేటి చెరువులో చేపలన్నీ అటు ఎగబడ్డాయి.

పడవలో మేత చల్లబోతున్న రాజరత్నం చెయ్యి ఆగిపోయింది. చేపల్ని పిలవడానికి రోజూ పడవ అంచు మీద గెడతో తను కొట్టే చప్పుడది!

"గుర్తుగా ఉంచుకుంటానని కదమ్మా రికార్డు చేసుకున్నావు?"

యంత్రం పక్కనున్న కూతురు జాయ్సీ తల దించుకుంది. "చైనా మిషన్లతో పోటీ నాన్నా. కొత్తగా ఏదో ఒకటి చెయ్యకపోతే నా కంపెనీ నిలబడదు."

"మీ అమ్మాయి గట్టిదోయ్! రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదులే," చెరువు ఆసామి నవ్వాడు.

రాజరత్నం గెడ తీసి కొట్టాడు. టక్, టకటక్.

చేపలు తిరిగి చూడలేదు. చిన్నప్పుడు ఆ చప్పుడు వింటే చాలు, గట్టు మీదికి పరుగెత్తుకొచ్చే జాయ్సీ కూడా చూడలేదు.