వేలి మీది గీత

మెడికల్ కార్డుకి అతికించాల్సిన ఫొటో కోసం బైబిలు జిప్పు కవరు తీసిన జెర్రీకి ఫొటో దొరకలేదు, పెళ్లాం ఉంగరం దొరికింది.

మూడు నెలల కిందట పదో పెళ్లిరోజున, చర్చివాళ్లందరి ఎదుట, ప్లాటినం అని చెప్పి మరీ తొడిగిన ఉంగరం. ల్యాబుకి కూడా పెట్టుకునే వెళ్లాలని, ఒక్క పూటైనా తియ్యకూడదని మాట తీసుకున్నాడు. ఆ ఉంగరమంటే అతనికి మహా జాగ్రత్త. మెరుపు తగ్గింది, గోల్‌బజారులో మెరుగు పెట్టిస్తానని వినీల అంటే, కంసాలి చేతిలో పెడితే మార్చేస్తాడని భయపెట్టి ఆపేశాడు. అలాంటి ఉంగరాన్ని వినీల తీసి దాచేసి, బోడి వేలితో పనిలోకి వెళ్లిపోయింది.

జెర్రీ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు స్టోర్సులో గుమాస్తా. వినీల ఎమ్మెస్సీ చదివింది, హిజ్లీ కాలేజీ క్యాంపస్‌లో పాత రాళ్ల మీద పరిశోధన చేసే ఒక ప్రాజెక్టులో పనిచేస్తోంది. ఆ ప్రాజెక్టుకి పెద్ద అభిరామ్. పెళ్లి కాలేదు, గడ్డం ఉంది. ఈ రెండూ జెర్రీకి నచ్చలేదు. ఉంగరం కొన్నది కూడా సగం ఆ గడ్డం వాడి కంట పడాలనే.

ఇంట్లో అభిరామ్ సార్ పేరు వినపడని పూట ఉండేది కాదు. కోట్ల ఏళ్ల కిందట ఆకాశం నుంచి కొండంత రాయి పడిందేమోనని సార్ అనుమానమట. అప్పుడు లేచిన దుమ్ము సముద్రం అడుగున బురదలో పేరుకుందట. బురద గట్టిపడి రాయైతే, ఆ దుమ్ము రాతిలో వేలి వెడల్పు నల్ల గీతగా మిగిలిందట. అన్నం వడ్డిస్తూ ఇదంతా చెప్పేటప్పుడు వినీల కళ్లు మెరిసేవి. తన గురించి మాట్లాడేటప్పుడు ఆ కళ్లలో అంత మెరుపు జెర్రీ ఏనాడూ చూడలేదు. రాయిని చూసి కుళ్లుకునే మొగుడు ఖరగ్‌పూర్ మొత్తం మీద అతనొక్కడే అయి ఉంటాడు.

మూడు వారాలుగా వినీల ఆ పేరు ఎత్తడం మానేసింది. ఎత్తినన్నాళ్లూ ఒక మంట, మానేశాక ఇంకో మంట. ఇప్పుడు ఈ ఉంగరం దొరికేసరికి జెర్రీకి కాలు నిలవలేదు. వర్క్‌షాపులో పూట సెలవు అడిగితే బెంగాలీ సూపర్‌వైజరు తలెత్తకుండా ఠీక్ హై అన్నాడు. అక్కడి నుంచి హిజ్లీ దాకా సైకిలు తొక్కాడు.

ల్యాబు కిటికీలోంచి ఇద్దరూ కనిపించారు. వినీల చున్నీతో కళ్లు తుడుచుకుంటోంది. అభిరామ్ టీ గ్లాసు ఆమె ముందుకు జరిపి, తల వంచి ఏదో మెల్లగా చెబుతున్నాడు. ఉంగరం ఉండాల్సిన చోట ఆమె వేలి మీద సన్నటి తెల్ల గీత. జెర్రీ తలుపు దాకా వెళ్లాడు. లోపలికెళ్లి అడిగే ధైర్యం లేక, వచ్చిన దారినే వెనక్కి తొక్కాడు.

సాయంత్రం వినీల చెప్పులు విప్పేలోపే ఉంగరం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇదేటి?"

వినీల ఉంగరాన్ని చూసి, అతని ముఖం చూసింది. "ల్యాబుకి ఎట్టుకెళ్లకూడదండీ. అందుకే పొద్దున్న తీసీసి, రాగానే మళ్లీ ఎట్టుకుంటన్నాను."

"మూడు నెలల్నించి ఏలికే ఉంది కదా. ఇప్పుడేటయింది? ఆ అభిరామ్ తియ్యమన్నాడా?"

"అవును, సారే తియ్యమన్నారు."

జెర్రీ కుర్చీలోంచి లేచాడు. వినీల అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, మూడు వారాలుగా కడుపులో దాచుకున్నదంతా చెప్పింది. ఆ నల్ల గీతలోంచి దొరికిన చిటికెడు మట్టినీ తన చేత్తోనే నూరింది. అందులో ఇరిడియం అనే లోహం బోలెడు తేలింది. నేల మీది రాళ్లలో అది ఉండీ లేనట్టుంటుంది, ఆకాశం నుంచి పడ్డ రాళ్లలోనే ఎక్కువ. ల్యాబంతా మిఠాయి పంచుకున్నారు. మర్నాడు సార్ కళ్లు ఆమె వేలి మీద పడ్డాయి. ప్లాటినం నగలు గట్టిగా ఉండాలని ఇరిడియం కలుపుతారు, నూరేటప్పుడు కంటికి కనబడనంత అరిగి రాలినా చాలు. అది ప్లాటినమా అని ఆయన అడిగితే అవునంది. వచ్చిన ఫలితాన్ని కొట్టేశారు. మళ్లీ చూడ్డానికి ఆ మట్టి మిగల్లేదు.

"నెలాఖరికి ప్రాజెక్టు మూసెస్తారంట. నా ఉద్యోగం కూడా అంతే. సార్ ఇయాల సెప్పినారు. అక్కడే ఏడుపొచ్చేసింది నాకు."

జెర్రీ గుండెల మీంచి బండ దిగినట్టయింది. మరుక్షణం ఇంకేదో వచ్చి కూర్చుంది.

"అదే... ఉంగరంది కాదనుకో, ఆ రాతిదే అనుకో. అప్పుడేటి?"

"అప్పుడేటేటండీ. కనిపెట్టినోళ్లలో మొదటి పేరు నాదే వచ్చీది. ఉంగరం ఓసారి ఇయ్యి, పరీక్ష సేద్దామన్నారు సార్. నేనే ఇవ్వలేదు. మా ఆయన మాట సెప్పినాక మళ్లీ పరీక్షేటన్నాను."

వినీల ఉంగరం తీసి వేలికి పెట్టుకుంది. చెయ్యి చాపి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చాలా రోజుల తర్వాత కాస్త నవ్వింది.

"పోనీండి. రాయి అబద్ధమైతే అయింది. ఇదైనా నిజంది ఉంది కదా నాకు."

జెర్రీ లేచి, ఫొటో కోసం మళ్లీ బైబిలు కవరు తీశాడు.

ఆ ఉంగరం వెండిది.