బుడిపె లేని గీత

"తెల్లచొక్కాకి ఈ జిడ్డేమిటండీ? పైగా ఆవగింజొకటి" అంది భార్య, నిన్న విడిచిన చొక్కా చేతిమడత సింకు మీద పరిచి.

"జిడ్డంటే ప్రయోగశాల గ్రీజు. ఆవగింజ ఎక్కడిది? నిన్న నేను తిన్నది బ్రెడ్డు."

"అయితే నేనే తెచ్చి అంటించాను లెండి."

గోటితో గీకింది. వేలు చురుక్కుమంది. కుళాయి తిప్పగానే గింజ నీళ్లతోపాటు జారిపోయింది.

"మీ ఇద్దరూ ఎడమొహం పెడమొహం అయితే నేనెటు తిరగాలి?" అంది కూతురు, జడ వేసుకుంటూ.

అది తండ్రి చెప్పిన పాఠమే. అతను చేయాలనుకున్న పదార్థంలో, చిన్న అయస్కాంతాల్లాంటి పరమాణువులు ముక్కోణాలుగా కూర్చుంటాయి. ప్రతిదీ పక్కదానికి ఎదురు తిరగాలనుకుంటుంది. రెండింటికి కుదురుతుంది, మూడోదానికి కుదరదు. ఎంత చల్లబరిచినా ఆ తగవు తీరకూడదు. తీరిందంటే గ్రాఫులో బుడిపె లేస్తుంది.

ఏడేళ్లలో ఇరవైమూడు స్ఫటికాలు, ఇరవైమూడు బుడిపెలు. అన్నీ ఏ ఎండకా గొడుగు పట్టేవే అని నవ్వేవాడు మొదట్లో. ఈమధ్య నవ్వడం మానేశాడు. నాలుగు నెలలు కొలిమిలో ఉండి వచ్చిన ఇరవైనాలుగోదే ఆఖరుది. ఇదీ తప్పితే గది తాళం అప్పజెప్పమన్నాడు ప్రయోగశాల పెద్దాయన. రంగుల ఫ్యాక్టరీవాళ్లు ఉద్యోగమిస్తామని, ఈ సాయంత్రంలోగా ఏదో ఒక మాట చెప్పమని రాశారు. నిన్న స్ఫటికాన్ని యంత్రంలో అమర్చి వచ్చాడు. ఫలితం ఇవాళే.

"ఫ్యాక్టరీకి సరేననండి. ఇంక చాలు" అంది ఆమె గుమ్మం దాకా వచ్చి. అతను తలూపాడు. ఆ తలూపులో ప్రాణం లేదు.

రాత్రి భోజనానికి కూర్చున్నాక అతనే మొదలుపెట్టాడు.

"బుడిపె లేదు. గీత అద్దంలా ఉంది, అసలు లోపల ఏమీ లేనట్టే. పెద్దాయన అందరికీ చెప్పేశాడు. ఫ్యాక్టరీకి రానని రాసేశాను."

ఏడేళ్ల తర్వాత అతను మారు అన్నం అడిగి పెట్టించుకోవడం చూసి ఆమెకు కళ్లు చెమర్చాయి.

"ఎంతుంటుంది నాన్నా అది?" అంది కూతురు.

"నల్లగా, ఆవగింజంత. అంచులు మాత్రం గాజుపెంకే. కాస్త గ్రీజుతో అంటించి లోపలికి దించుతాం."

వడ్డిస్తున్న ఆమె చేయి ఆగింది. గోటికింద ఎర్రటి గీత ఇంకా మండుతూనే ఉంది.

ఆవగింజ గుచ్చుకోదు.