కోడలి మాత్రలు

"ఏసుకున్నావేటే?" పొయ్యి దగ్గర నుంచే అడిగింది పోలమ్మ.

ఇందు మాత్రని అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎదురుగా వినోద్. ఎప్పటిలాగే నవ్వుతూ చూస్తున్నాడు.

"ఆయన ముందు మింగుడు పడదత్తా," అంది మెల్లగా.

"అయితే వంటింట్లోకి రా."

కడుపు రాకుండా కోడలు దొంగచాటుగా మాత్రలు మింగడం, అత్త పట్టుకుని యాగీ చేయడం లోకంలో మామూలే. ఈ ఇంట్లో అత్తే కాపలా కాసి మింగిస్తోంది. నోరు తెరిచి చూపించమనడం ఒక్కటే తక్కువ.

వినోద్‌కి పిల్లలంటే ప్రాణం. బెంగాలీల నడుమ ఉన్న ఆ రైల్వే పేట ఝపటాపూర్‌లో వాళ్ళ వీధి పిల్లలందరూ వాడి భుజం ఎక్కినవాళ్ళే. చిన్న వయసులో మొగుడు తవిటయ్య పోతే, ఆ ఒక్క కొడుకునీ పట్టుకుని బతుకీడ్చింది పోలమ్మ. ఇప్పుడు ఆ కొడుక్కే ద్రోహం చేస్తోంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అందుకే వాడి కళ్ళలోకి చూడదు.

కానీ ఏం చేస్తుంది? ఇందు రైల్వే వర్క్‌షాపులో కొత్తగా చేరింది. ఇంకా ట్రైనింగులోనే ఉంది. ఇప్పుడుగానీ కడుపు వచ్చిందంటే ఆ పిల్ల బతుకు బండలే.

"ఏడాది తిరగనీయే. ఆ తరవాత ఎంతమందిని కంటావో కను. నానే పెంచుతాను," అంటుంది పోలమ్మ.

మాత్రలు ఇంటింటికీ తిరిగి మందులిచ్చే ఆశా దీదీ దగ్గర ఊరికే దొరుకుతాయి. అయితే ఆవిడ చెవిన పడిన మాట మర్నాటికి వీధి వీధంతా తిరుగుతుంది. రైల్వే ఆసుపత్రిలోనూ ఇస్తారు గానీ అక్కడ నర్సులందరూ వినోద్‌ని ఎరిగినవాళ్ళే. అందుకని అత్తాకోడళ్ళు ఆటో ఎక్కి మలంచా వెళ్ళారు, తమని ఎవరూ ఎరగని చోటికి. బయలుదేరే ముందు ఇందుకి బొట్టు తనే పెట్టింది పోలమ్మ. పెడుతుంటే ఇందు కళ్ళు మూసుకుంది.

మందుల షాపులో అందరూ దాదా అని పిలిచే బెంగాలీ ఆయన మూడు రకాలు ముందు పెట్టాడు. ఖరీదైన పాకెట్ మీద పువ్వుల బొమ్మ ఉంది. ఇందు చూపు దాని మీదే ఆగింది.

పోలమ్మ చవకదాన్ని వేలితో తోసి, దీనికీ దానికీ తేడా ఏమిటని తనకొచ్చిన బెంగాలీలో అడిగింది.

"రెండూ పనిచేస్తాయి మాషీ. ఒకరికి ఇది పడుతుంది, ఒకరికి అది. ముందు డాక్టర్ దీదీకి చూపించి, బీపీ చూపించుకుని రండి," అన్నాడు దాదా.

అక్కడే పక్క సందులో ఉన్న డాక్టరమ్మ బీపీ చూసింది. బాగానే ఉందంది. చవకదైనా ఫరవాలేదంది. భర్త ఏం చేస్తారని అడిగింది.

"రైల్వే," అంది పోలమ్మ, కోడలు నోరు విప్పకముందే.

మొదటి నెల నరకమే. వర్క్‌షాపులో గ్రీజు వాసన తగిలితే చాలు, ఇందుకి కడుపులో తిప్పేది. తలనొప్పి, రొమ్ముల్లో సలుపు. నెల మధ్యలో మరకలు. ఇక ఏడుపైతే చెప్పక్కర్లేదు, చీపురు కిందపడినా ఏడ్చేది. మాత్ర ఏడిపిస్తోందో, మనసే ఏడుస్తోందో తెలిసేది కాదు.

రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది, మధ్యలో మానొద్దంది డాక్టరమ్మ. చూపు మసకబారినా, పిక్కలు వాచి నొప్పెట్టినా మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మంది. ఆ మాట పట్టుకుని రోజూ కోడలి పిక్కలు తడిమి చూసేది పోలమ్మ. అన్నం తిన్నాకే మాత్ర ఇచ్చేది. వికారానికి అల్లం నమిలించేది. అల్లం గోల్‌బజార్ నుంచి ప్రేమ్‌కుమార్ తెచ్చేవాడు. పక్కవీధి కుర్రాడు, వినోద్‌కి స్నేహితుడు. గుమ్మంలోనే ఇచ్చి, తల దించుకుని వెళ్ళిపోయేవాడు.

సాయంత్రం వర్క్‌షాపు సైరన్ మోగి ఇందు ఇల్లు చేరాక, గుమ్మం ముందు వీధిలో బూట్ల చప్పుడు వినిపించేది. అత్తాకోడళ్ళు చేస్తున్న పని ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఇందు మాత్రల పాకెట్ తీసి బియ్యం డబ్బాలో దాచేది.

"ఆయనకి తెలిసిపోయినాదత్తా," అంది ఒకరోజు.

"తెలిస్తే తెలిసినాది. నన్నడగమను."

"అడగరు. అలా సూస్తారంతే."

ఆ రోజు ఇందు మాత్ర వేసుకోలేదు. పాకెట్ పొయ్యి గట్టు మీదికి విసిరేసి మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది. ఈ పాపం నావల్ల కాదంది.

పోలమ్మ పాకెట్ తీసి, కొంగుతో తుడిచి, కోడలి పక్కనే చతికిలబడింది.

"పాపమైతే నా నెత్తిన పడనీ. నీ వయసులో నాకు ఇలా సెప్పినోళ్ళు లేరే అమ్మీ. ఉంటే నానూ మనిషిలా బతికుందును."

ఇందు తలెత్తి అత్త మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి చాపింది.

మూడో నెలకి వికారం పోయింది. తలనొప్పీ తగ్గింది. ఒక శనివారం సాయంత్రం జడ వేసుకుంటూ ఇందు కూనిరాగం తీసింది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. పోలమ్మకి సంతోషమూ, భయమూ ఒక్కసారే కలిగాయి. ధైర్యం చేసి కొడుకు వైపు సూటిగా చూసింది.

"నన్ను తిట్టుకో నాయినా. దాన్నేటీ అనకు."

వినోద్ ఏమీ అనలేదు. ఈమధ్య ఏమీ అనడు.

పెరటి తలుపు ఎవరో మెల్లగా తట్టారు.

పోలమ్మ స్టూలెక్కి, దండ జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని కొడుకు ఫోటోని గోడవైపు తిప్పి, అప్పుడు వెళ్ళి తలుపు తీసి, "లోపలికి రా ప్రేమ్ బాబూ, ఇందు నీకోసమే సూస్తంది," అంది.