నీలం పెట్టె ఆసామి

“ఈ సీటు ఇంతే మేడమ్. సగం దాకా వాలి ఆగిపోతుంది,” అంది ఎయిర్ హోస్టెస్, మోకాలితో సీటును గట్టిగా నెట్టి చూశాక.

లాయరమ్మ ఆ సగం వాలిన సీట్లోనే కూలబడింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఈ బిజినెస్ క్లాసే. చెయ్యి ఆనించుకునే చోట తోలు పగిలితే టేపు అంటించారు. టీవీ తెరను ఎన్నిసార్లు పైకి లేపినా మెడ వాల్చేస్తోంది. ఏదైతేనేం, ఆఖరి నిమిషంలో దొరికింది ఈ ఒక్క సీటే. రెక్కలుంటే చాలని ఎక్కేసింది.

అవతల ఆస్పత్రిలో ఆమె తమ్ముడున్నాడు.

వాడి ఎముకల్లోని పాత మూలుగను మందులతో తుడిచిపెట్టేశారు. తెల్లారాక కొత్తది ఎక్కించాలి. అది ఒంటికి పడితే బతుకుతాడు, లేకపోతే లేదు. ఒకే కడుపున పుట్టి కూడా ఆమె మూలుగ వాడికి సరిపోలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. కేసు వాయిదా ఉందని ఆమె ఇంత దూరం వచ్చిన సమయంలోనే డాక్టర్లు తేదీ ముందుకు జరిపారు.

“ఎక్కించేలోగా వచ్చేస్తావుగా అక్కా? భయమేస్తోంది,” అన్నాడు వాడు ఫోనులో.

ఆ మాట విన్నప్పటి నుంచి ఆమె గుండె గుండెలో లేదు.

దానికి తోడు, మూలిగే నక్క మీద తాటిపండులా, కిటికీ పక్క సీటాయన దాపురించాడు. నలిగిన చొక్కా, మాసిన గడ్డం, కాళ్ళ మధ్య ఓ నీలం పెట్టె. విమానం ఎగిరి ఎంతసేపైనా దాన్ని పైన పెట్టడు, సిబ్బందీ పెట్టమనరు. నిద్రపోడు. మాటిమాటికీ చిన్న టార్చి వేసి పెట్టెకేసి చూసుకుంటాడు. ఆ వెలుగు తిన్నగా వచ్చి ఆమె కళ్ళలో పడుతోంది.

“ఏముందండీ అందులో, బంగారు గుడ్లా?”

“చెప్పకూడదమ్మా. మా పనిలో పద్ధతి అంతే.”

“పద్ధతి సంగతి సరే, ఆ లైటు ఆపండి. మీకు పుణ్యముంటుంది.”

ఆపాడు. ఆ తర్వాత అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూసుకోవడం మొదలెట్టాడు.

కునుకు పట్టక ఆమె కాఫీ తెప్పించుకుంది. అప్పుడే అతనికి బాత్రూముకు వెళ్ళే పని పడింది. ఈ పాతకాలపు సీట్లలో కిటికీ పక్కవాళ్ళు కదలాలంటే ఇవతలివాళ్ళ కాళ్ళు దాటాల్సిందే. అతను పెట్టెను చంటిపిల్లలా పొదివి పట్టుకుని దాటుతుంటే విమానం ఊగింది. కాఫీ సగం ఆమె మణికట్టు మీద, సగం పెట్టె మూత మీద ఒలికింది.

అతను గబుక్కున చొక్కా చేతితో పెట్టెను తుడిచాడు. ఆ తర్వాత గానీ ఆమె చెయ్యి అతనికి కనపడలేదు.

“మనిషి చెయ్యి కాలితే పెట్టె తుడుస్తారా? మీదేం జన్మండీ?”

“తప్పేనమ్మా.”

ఐసు ముక్కలు అడిగి తెచ్చిచ్చాడు. తన సీటు పూర్తిగా వాలుతుందనీ, తనెలాగూ నిద్రపోడు కాబట్టి ఆమెను అటు వెళ్ళి నడుం వాల్చమనీ అన్నాడు. ఆమె కృతజ్ఞత మాట ఒక్కటీ అనకుండా కిటికీ వైపు జరిగి పడుకుంది. కళ్ళు మూసుకుంటే తమ్ముడే. తెరిస్తే వేళ్ళ సందుల్లోంచి ఆ టార్చి వెలుగు.

తెల్లారి విమానం దిగింది. ఒక ప్రయాణికుడు ముందుగా వెళ్ళాలనీ, అందాకా ఎవరూ లేవొద్దనీ మైకులో చెప్పారు.

లేచి నిలబడింది నీలం పెట్టె ఆసామి.

ఆమెకు ఒళ్ళు తెలియలేదు. వెనకాలే లేచి అతని చొక్కా పట్టుకుంది. కోర్టులో ఎంత పెద్ద జడ్జినీ బతిమాలని మనిషి ఇప్పుడు ఇతన్ని బతిమాలింది.

“నా తమ్ముడు చావుబతుకుల మీదున్నాడు. నన్ను ముందు దిగనివ్వండి. దణ్ణం పెడతాను.”

“నేనే ముందు దిగాలమ్మా. ఆలస్యమైతే కుదరదు.”

“నీ పెట్టె కోసం మనిషి ప్రాణం పోయినా పర్లేదా?”

అతను చొక్కా మీద బిగిసిన ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా, నొప్పి తగలకుండా విడదీసి నడిచాడు.

“నీ పెట్టె బుగ్గైపోనూ!” అని అరిచింది వెనక నుంచి.

అతను తిరిగి చూడలేదు.

ఆస్పత్రి మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. అద్దం వెనకాల తమ్ముడు బోడిగుండుతో, గాలికి పడిపోయేట్టు కూర్చుని ఉన్నాడు. అక్కను చూసి చెయ్యెత్తాడు. ఆమె గోడకు ఆనుకుని బావురుమంది.

“ఇంకా మొదలెట్టలేదమ్మా, ఊరుకోండి,” అంది నర్సు. మూలుగ ఇప్పుడే చేరిందనీ, తెచ్చినాయన దాన్ని అప్పగించి, కాసిని మంచినీళ్ళయినా తాగకుండా తిరుగు ప్రయాణమయ్యాడనీ చెప్పింది. ఎవరి కోసం తెచ్చాడో ఆయనకు తెలియదు, తెలియనివ్వరు.

“ఎవరో మహానుభావుడు. కాళ్ళు కడిగి నెత్తిన జల్లుకున్నా ఆయన ఋణం తీరదు,” అంది లాయరమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

ఇంతలో గది తలుపు తెరుచుకుంది. నర్సు పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

లోపలికి తీసుకెళ్తున్న ఆ నీలం పెట్టె మూత మీద సగం తుడిచిన కాఫీ మరక ఉంది.